పేజీలో ఒక ముక్క మారితే బటన్లు ఎందుకు మూగబోతాయి?

ఒక జాబితా పేజీ తెరిచారు. ప్రతి వరుస చివర మూడు చుక్కల బటన్ ఉంది. నొక్కితే చిన్న మెనూ తెరుచుకుంటోంది. పైనున్న ఫిల్టర్‌లో ఒక విభాగం ఎంచుకున్నారు. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాలేదు, జాబితా ఉన్న చోట మాత్రం పాత వరుసలు పోయి కొత్తవి వచ్చాయి. చూడ్డానికి అంతా బాగానే ఉంది. కానీ ఇప్పుడు ఆ మూడు చుక్కలు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రర్ ఒక్కటీ లేదు. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది.

వెబ్ పని చేసేవాళ్లలో ఈ బగ్‌తో ఒక రాత్రయినా గడపనివాళ్లు తక్కువ. ఎర్రర్ రాదు కాబట్టి ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో తెలియదు. ఇప్పుడు దీని గురించి మళ్లీ మాట్లాడుకోవాల్సి రావడానికి కారణం ఉంది. హెచ్‌టీఎంఎక్స్, టర్బో, లైవ్‌వ్యూ, లైవ్‌వైర్ లాంటి పనిముట్లు వచ్చాక, సర్వరే హెచ్‌టీఎంఎల్ ముక్క తయారుచేసి పంపే పద్ధతికి మళ్లీ ఆదరణ పెరిగింది. దాంతోపాటు ఈ పాత చిక్కు కొత్తవాళ్ల ముందుకు కూడా వచ్చింది. చాలామంది దీన్ని ఫలానా లైబ్రరీ లోపం అనుకుంటారు. లైబ్రరీ మార్చినా అది వెంటే వస్తుంది. ఎందుకంటే చిక్కు ఉన్నది మన కోడ్‌లోని ఒక పాత నమ్మకంలో: పేజీ లోడ్ అయినప్పుడే కాంపోనెంట్ (మెనూ, క్యాలెండర్ లాంటి పనిచేసే భాగం) పుడుతుంది, పేజీ పోయినప్పుడే అది పోతుంది అన్న నమ్మకం.

పూర్తి లోడ్‌కూ పాక్షిక అప్‌డేట్‌కూ తేడా

పూర్తి లోడ్‌లో బ్రౌజర్ పాత పేజీని మొత్తం పారేసి కొత్త డాక్యుమెంట్ కడుతుంది. ఎలిమెంట్లు (బటన్, పెట్టె, వరుస లాంటి పేజీ భాగాలు), వాటికి తగిలించిన ఈవెంట్ లిజనర్లు (క్లిక్ లాంటిది జరిగితే నడిచే కోడ్), నడుస్తున్న టైమర్లు, వేరియబుల్స్ అన్నీ పోతాయి. స్క్రిప్టులు మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. ఇందులో వృథా ఎక్కువే, కానీ ఒక మేలు కూడా ఉంది. ప్రతిసారీ ఇల్లంతా ఊడ్చి కడిగినట్టే. నిన్నటి చెత్త ఈరోజుకు మిగలదు.

పాక్షిక అప్‌డేట్‌లో డాక్యుమెంట్ అదే ఉంటుంది. జావాస్క్రిప్ట్ సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ పంపి, వచ్చిన జవాబును పేజీలో ఒక చోట పెడుతుంది. దీనికి దారి వేసిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌ను మైక్రోసాఫ్ట్ తన వెబ్ మెయిల్ కోసం తయారుచేసి, 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికి తెచ్చింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ దాని సత్తా ఏమిటో అందరికీ చూపించాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు.

జవాబు రెండు రకాలుగా రావచ్చు. ఒకటి, ఉత్త డేటా. దాన్నిబట్టి బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ తెరను కడుతుంది. రియాక్ట్ లాంటి లైబ్రరీలు ఈ దారిలో పోతాయి. రెండోది, సర్వర్ దగ్గరే తయారైన హెచ్‌టీఎంఎల్ ముక్క. దాన్ని తెచ్చి ఉన్నదున్నట్టు పెట్టేయడమే. ఈ వ్యాసంలో మాట్లాడేది ఎక్కువగా రెండో రకం గురించి.

ఇక కాంపోనెంట్ అంటే మెనూ, తేదీ ఎంచుకునే క్యాలెండర్, ట్యాబ్‌లు, చార్ట్ లాంటివి. ఏ కాంపోనెంట్‌లోనైనా మూడు పొరలుంటాయి: కంటికి కనిపించే హెచ్‌టీఎంఎల్, దానికి ప్రాణం పోసే జావాస్క్రిప్ట్, ఈ క్షణంలో అది ఏ స్థితిలో ఉందన్న సంగతి. మెనూ తెరిచి ఉందా మూసి ఉందా, మూడో ట్యాబ్ మీద ఉన్నామా, పెట్టెలో సగం టైప్ చేశామా, ఇవన్నీ స్థితి కిందికే వస్తాయి. సర్వర్ పంపే ముక్కలో ఉండేది మొదటి పొర ఒక్కటే. మిగతా రెండూ బ్రౌజర్‌లో ఉంటాయి. పాక్షిక అప్‌డేట్‌లో వచ్చే తలనొప్పులు దాదాపు అన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఇంటి నంబరు అదే, ఉంటున్న మనిషి వేరు

జాబితా ఉన్న డివ్‌కు (ఇతర ఎలిమెంట్లను పట్టి ఉంచే డబ్బా లాంటి ట్యాగ్), లోపలి హెచ్‌టీఎంఎల్‌ను మార్చే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ద్వారా కొత్త ముక్క ఇచ్చామనుకుందాం. బ్రౌజర్ లోపలి పాత ఎలిమెంట్లను తీసేసి, వచ్చిన అక్షరాలను చదివి కొత్త ఎలిమెంట్లు తయారుచేస్తుంది. కొత్త బటన్‌కు పాత ఐడీయే ఉండొచ్చు, క్లాస్ పేరు, రంగు, రాత అన్నీ అవే ఉండొచ్చు. అయినా మెమరీలో అది వేరే వస్తువు. ఈవెంట్ లిజనర్ అతుక్కునేది ఐడీకి కాదు, ఆ వస్తువుకు. పాత బటన్ పోతూ తన లిజనర్‌ను తీసుకుపోయింది. కొత్త బటన్‌కు ఎవరూ ఏమీ తగిలించలేదు.

ఎవరూ ఎందుకు తగిలించలేదంటే, లిజనర్లు పెట్టే కోడ్ సాధారణంగా, పేజీ హెచ్‌టీఎంఎల్ చదవడం పూర్తయిందని చెప్పే డామ్‌కంటెంట్‌లోడెడ్ అనే ఈవెంట్ కోసం ఎదురుచూస్తుంది. ఆ ఈవెంట్ ఒక డాక్యుమెంట్ జీవితంలో ఒక్కసారే వస్తుంది. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలోని రెడీ కూడా అంతే. 2007లో మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్ అజాక్స్‌తో, పేజీలో ఒక భాగాన్నే మార్చే అప్‌డేట్‌ప్యానెల్ వచ్చినప్పుడు డెవలపర్లు మూకుమ్మడిగా తట్టుకుని పడింది సరిగ్గా ఈ రాయికే. ప్యానెల్ తాజా అవుతుంది, రెడీలో రాసిన కోడ్ మాత్రం మళ్లీ నడవదు. దానికోసం రిక్వెస్ట్ ముగిసిందని చెప్పే వేరే ఈవెంట్‌ను పట్టుకోవాల్సి వచ్చేది.

అలాంటప్పుడు ముక్కలోనే స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి పంపితే సరిపోదా? ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ద్వారా వచ్చిన స్క్రిప్ట్ ట్యాగులు నడవవు. అది హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఉన్న నియమం. జేక్వెరీ, హెచ్‌టీఎంఎక్స్ లాంటివి ఆ స్క్రిప్టులను ఏరి పనిగట్టుకుని నడుపుతాయి. అందుకే ఒక ప్రాజెక్టులో పనిచేసిన కోడ్ ఇంకో ప్రాజెక్టుకు తెస్తే మౌనంగా ఉండిపోతుంది.

ఒకసారి పనిచేసి ఒకసారి చేయని మెనూ

అందరికీ మొదట తట్టే పరిష్కారం, ప్రతి అప్‌డేట్ తర్వాత, లిజనర్లు తగిలించే అదే ఇనిట్ ఫంక్షన్‌ను మళ్లీ పిలవడం. జాబితాలోని మూడు చుక్కలు వెంటనే బతుకుతాయి. హమ్మయ్య అనుకుంటాం. మర్నాడు ఇంకో ఫిర్యాదు వస్తుంది: పేజీ పైభాగంలోని ప్రొఫైల్ మెనూ ఒక్కోసారి తెరుచుకుంటోంది, ఒక్కోసారి తెరుచుకోవడం లేదు.

లెక్క వేసి చూద్దాం. ప్రొఫైల్ మెనూ, మారే ముక్కకు బయట ఉంది. అందుకే అది ఎప్పుడూ పాత వస్తువే. పేజీ లోడైనప్పుడు దానికి 1 లిజనర్. మొదటి ఫిల్టర్ తర్వాత ఇనిట్ పేజీ మొత్తం మీద నడిచింది కాబట్టి 2. రెండో ఫిల్టర్ తర్వాత 3. ఒక్కో లిజనర్ చేసే పని, మూసి ఉంటే తెరవడం, తెరిచి ఉంటే మూయడం. 2 లిజనర్లుంటే ఒకే క్లిక్‌కు ఒకటి తెరుస్తుంది, మరుక్షణమే రెండోది మూసేస్తుంది. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే. 3 ఉంటే తెరిచి, మూసి, మళ్లీ తెరుస్తుంది. అంటే బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. లిజనర్ల సంఖ్య బేసి అయితే మెనూ బతుకుతుంది, సరి అయితే చస్తుంది. అదే చోట సంఖ్యను ఒకటి పెంచే ప్లస్ బటన్ ఉంటే, మూడు ఫిల్టర్ల తర్వాత ఒక్క క్లిక్‌కు 4 పెరుగుతుంది. అదే చోట డబ్బు కట్టే బటన్ ఉంటే పరిస్థితి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒకే ఫంక్షన్‌ను ఒకే ఎలిమెంట్‌కు, ఒకే ఈవెంట్‌కు రెండోసారి తగిలిస్తే బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు. డూప్లికేట్ అని వదిలేస్తుంది. కానీ ఇనిట్ లోపల అప్పటికప్పుడు రాసిన పేరులేని ఫంక్షన్ ప్రతిసారీ కొత్త వస్తువే. అందుకే ఒకే టీమ్‌లో ఒకరి కాంపోనెంట్‌లో ఈ బగ్ వస్తుంది, పక్కవారిదాంట్లో రాదు. ఇద్దరి కోడ్ పక్కపక్కన పెట్టి చూసినా తేడా చప్పున కనపడదు.

దీనికి రెండు సవరణలు వాడుకలో ఉన్నాయి. ఒకటి, ఇనిట్‌ను పేజీ మొత్తం మీద కాకుండా కొత్తగా వచ్చిన ముక్క మీదే నడపడం. సైట్లు కట్టే ద్రుపల్ అనే వ్యవస్థలోని బిహేవియర్స్ ఈ ఆలోచన మీదే కట్టారు. ప్రతి బిహేవియర్‌కూ కాంటెక్స్ట్ పేరుతో ఆ ముక్కే అందుతుంది. హెచ్‌టీఎంఎక్స్‌లో ఆన్‌లోడ్ ఫంక్షన్ కూడా కొత్తగా వచ్చిన ఎలిమెంట్‌ను చేతికిస్తుంది. రెండోది, ఎలిమెంట్‌కు గుర్తు పెట్టడం. ఇనిట్ అయ్యాక ఒక డేటా యాట్రిబ్యూట్ (ట్యాగ్‌లో రాసే చిన్న వివరం) పెట్టి, మళ్లీ వచ్చినప్పుడు అది కనిపిస్తే వదిలేస్తారు. ఎన్నిసార్లు నడిపినా ఒకసారి నడిపినట్టే ఉండాలన్నది ఇక్కడ సూత్రం. అయితే గుర్తును ఎక్కడ రాశామన్నది చాలా ముఖ్యం. యాట్రిబ్యూట్ హెచ్‌టీఎంఎల్‌లో భాగం, కాపీ తీస్తే అదీ కాపీ అవుతుంది. లిజనర్ అవదు. అలా గుర్తు మిగిలి ప్రాణం పోయిన ఎలిమెంట్, వెనక్కి బటన్ దగ్గర మళ్లీ ఎదురవుతుంది. వస్తువుకో వివరం జతచేసి దాచే జావాస్క్రిప్ట్ వీక్‌మ్యాప్‌లో గుర్తు పెడితే ఈ గొడవ లేదు. అందులో లెక్క వస్తువును బట్టి ఉంటుంది, దాని రూపాన్ని బట్టి కాదు. ఆ ఎలిమెంట్‌ను ఇంకెవరూ పట్టుకుని లేకపోతే వీక్‌మ్యాప్ కూడా దాన్ని వదిలేస్తుంది.

గుమ్మం దగ్గర ఒక్కరే కాపలా

ఇనిట్ గొడవే లేకుండా చేసే దారి ఈవెంట్ డెలిగేషన్. క్లిక్ లాంటి ఈవెంట్లు జరిగిన చోటే ఆగవు. ఎలిమెంట్ నుంచి దాని తల్లికి, అక్కడి నుంచి పైకి, చివరికి డాక్యుమెంట్ దాకా పాకుతాయి. కాబట్టి ప్రతి బటన్‌కూ లిజనర్ తగిలించకుండా, ఎప్పుడూ మారని ఒక పైస్థాయి ఎలిమెంట్‌కు ఒక్కటే పెట్టి, క్లిక్ ఏ బటన్ నుంచి వచ్చిందో అక్కడ చూసుకోవచ్చు. లోపలి వరుసలు వందసార్లు మారినా గుమ్మం దగ్గర కాపలా మారదు. జేక్వెరీ 2009లో వెర్షన్ 1.3తో లైవ్ అనే పద్ధతి తెచ్చింది ఇందుకే. 2011లో 1.7తో వచ్చిన ఆన్ దాని స్థానం తీసుకుంది. 2013లో 1.9 వచ్చేసరికి లైవ్‌ను తీసేశారు.

మూడు చుక్కల బటన్ లాంటి వాటికి నాకు తెలిసి ఇంతకంటే తేలికైన దారి లేదు. కానీ దీని హద్దులు తెలియకపోతే అక్కడే ఇరుక్కుంటాం. ఫోకస్, బ్లర్, మౌస్‌ఎంటర్ లాంటి ఈవెంట్లు పైకి పాకవు. మొదటి రెంటికీ పైకి పాకే ఫోకస్‌ఇన్, ఫోకస్‌ఔట్ ఉన్నాయి. మధ్యలో ఏ కాంపోనెంట్ అయినా ఈవెంట్‌ను ఆపేస్తే కాపలాదారుకు కబురే అందదు. అన్నిటికంటే పెద్ద హద్దు ఏమిటంటే, డెలిగేషన్ పనిచేసేది వాడేవాళ్లు ఏదైనా చేసినప్పుడే. చార్ట్, మ్యాప్, క్యాలెండర్ లాంటివి ఎవరూ నొక్కకముందే, తెర మీదికి రాగానే తయారై ఉండాలి. అందుకు ఎలిమెంట్ వచ్చిందన్న కబురు కావాలి.

ఎలిమెంట్ వచ్చిందని ఎవరు చెబుతారు

బ్రౌజర్లు 2012 నుంచి ఇస్తున్న మ్యుటేషన్‌అబ్జర్వర్ ఈ కబురు చెప్పగలదు. డామ్‌లో (బ్రౌజర్ మెమరీలో కట్టుకునే ఎలిమెంట్ల చెట్టులో) ఏది చేరినా, ఏది పోయినా జాబితా కట్టి అందిస్తుంది. స్టిమ్యులస్ అనే లైబ్రరీ దీని మీదే నడుస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో ఒక డేటా యాట్రిబ్యూట్‌గా కంట్రోలర్ (ఆ ఎలిమెంట్‌ను నడిపే కోడ్) పేరు రాస్తే చాలు. ఆ ఎలిమెంట్ పేజీలోకి వచ్చినప్పుడు కనెక్ట్, పోయినప్పుడు డిస్‌కనెక్ట్ అనే ఫంక్షన్లు వాటంతటవే నడుస్తాయి. అది మొదటి లోడ్‌లో వచ్చిందా, టర్బో తెచ్చిందా, ఇంకేదో కోడ్ పెట్టిందా అన్నది కంట్రోలర్‌కు అనవసరం. పాత పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. కాంపోనెంట్ ఆయుష్షు పేజీతో తెగి, ఎలిమెంట్‌తో ముడిపడుతుంది.

ఇదే పనిని బ్రౌజర్ నేరుగా చేసే ఏర్పాటు కస్టమ్ ఎలిమెంట్లు. మనమే ఒక ట్యాగ్ పేరు పెట్టి, దానికి ఒక క్లాస్ రిజిస్టర్ చేస్తాం. ఆ ట్యాగ్ ఎక్కడ ప్రత్యక్షమైనా బ్రౌజర్ కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. క్రోమ్‌లో 2016లో, సఫారీలో 2017లో, ఫైర్‌ఫాక్స్‌లో 2018లో ఇది వచ్చింది. క్రోమియం మీద కట్టిన కొత్త ఎడ్జ్ 2020 జనవరిలో రావడంతో పెద్ద బ్రౌజర్లన్నిటికీ అందింది.

ఇక్కడ చాలామందిని బోల్తా కొట్టించే సంగతి ఒకటుంది, కాస్త నిదానంగా చూద్దాం. మన ట్యాగ్ లోపల ఒక బటన్, ఒక జాబితా ఉన్నాయి. కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌లో ఆ బటన్‌ను వెతికి లిజనర్ పెడుతున్నాం. పాక్షిక అప్‌డేట్‌లో ముక్క మొత్తం చదవడం పూర్తయ్యాకే పేజీలోకి చేరుతుంది కాబట్టి లోపలి పిల్లలన్నీ అప్పటికే ఉంటాయి. కోడ్ చక్కగా నడుస్తుంది. అదే మొదటి లోడ్‌లో, స్క్రిప్ట్ ముందే నడిచి ట్యాగ్ రిజిస్టర్ అయి ఉంటే, పార్సర్ (హెచ్‌టీఎంఎల్‌ను చదివే బ్రౌజర్ భాగం) ప్రారంభ ట్యాగ్ చూసిన వెంటనే కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ నడుస్తుంది. పిల్లలు ఇంకా రాలేదు. బటన్ దొరకదు. అంటే మొదట చెప్పుకున్న బగ్‌కు ఇది తలకిందుల రూపం: ఫిల్టర్ తర్వాత పనిచేస్తుంది, మొదటి లోడ్‌లో పనిచేయదు. స్క్రిప్ట్‌కు డిఫర్ పెడితే పేజీ అంతా చదివాకే ట్యాగులకు ప్రాణం వస్తుంది కాబట్టి ఈ చిక్కు మాయమవుతుంది. ఎవరైనా ఆ డిఫర్ తీసేసిన రోజున తిరిగొస్తుంది. బటన్‌కు నేరుగా కాకుండా, ట్యాగ్‌కే లిజనర్ పెట్టి లోపల డెలిగేషన్ వాడే కాంపోనెంట్లకు ఈ బాధ తక్కువ.

పుట్టుక సరే, చావు ఎవరు చూస్తారు

కాంపోనెంట్ పుట్టించడం మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా దాన్ని సాగనంపడం మీద పెట్టరు. పూర్తి లోడ్ కాలంలో అవసరం రాలేదు మరి. ఇప్పుడు ఎలిమెంట్ పేజీలోంచి పోయినా, అది పెట్టిన టైమర్ పోదు. విండోకు తగిలించిన రీసైజ్ లిజనర్ పోదు.

ఒక చిన్న కాంపోనెంట్ ప్రతి 10 సెకన్లకు ఒకసారి సర్వర్‌ను కొత్త సంగతులు అడుగుతుందనుకోండి. నిమిషానికి 6 రిక్వెస్టులు. అది ఉన్న ముక్క 20 సార్లు మారింది, ప్రతిసారీ కొత్త కాంపోనెంట్ పుట్టి కొత్త టైమర్ పెట్టింది, పాతవాటిని ఎవరూ ఆపలేదు. మొదటిదానితో కలిపి 21 టైమర్లు, నిమిషానికి 126 రిక్వెస్టులు. తెర మీద కనిపించేది మాత్రం ఒక్క కాంపోనెంటే. పైగా ఆ టైమర్లు పట్టుకుని ఉన్న పాత ఎలిమెంట్లు మెమరీలోంచి కూడా పోవు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో మెమరీ స్నాప్‌షాట్ తీసి డిటాచ్డ్ అని వెతికితే అవి వరసగా కనబడతాయి.

క్యాలెండర్లు, టూల్‌టిప్‌లు ఇంకో రకం. వీటిలో చాలావరకు తమ పాపప్‌ను పక్కనే కాకుండా బాడీ చివర పెడతాయి, వేరే ఎలిమెంట్ల కింద దాక్కోకుండా ఉండాలని. టూల్‌టిప్ కనిపిస్తుండగా ముక్క మారితే బటన్ పోతుంది, టూల్‌టిప్ మాత్రం తెర మీద అనాథగా వేలాడుతుంది. దాన్ని మూయాల్సిన బటనే లేదు. బూట్‌స్ట్రాప్ లాంటి లైబ్రరీల్లో డిస్పోజ్ ఉన్నది ఈ సాగనంపే పని కోసమే. అది తనంతట తాను నడవదు, ముక్క తీసేసే ముందు ఎవరో ఒకరు పిలవాలి. కనెక్ట్‌లో ఏం పెట్టామో డిస్‌కనెక్ట్‌లో సరిగ్గా అదే తీయాలన్న ఆచారం ఇలాంటి అనుభవాల నుంచి వచ్చిందే. లిజనర్ల వరకు అబార్ట్‌కంట్రోలర్ చేతికందే సాయం. అన్ని లిజనర్లకూ ఒకే సిగ్నల్ ఇచ్చి ఉంటే, ఒక్క అబార్ట్‌తో అన్నీ ఊడిపోతాయి.

సగం టైప్ చేసిన మాట ఏమవుతుంది

కొత్త ఎలిమెంట్‌కు ప్రాణం వచ్చింది, పాతది మర్యాదగా పోయింది. మూడో పొర మిగిలింది, స్థితి. ముక్క మొత్తం మార్చేస్తే అందులో తెరిచి ఉన్న మెనూ మూసుకుపోతుంది, స్క్రోల్ పైకి దూకుతుంది, నడుస్తున్న వీడియో మొదటికి వస్తుంది.

అందరికంటే ఎక్కువ దెబ్బ తినేది వెతుకులాట పెట్టె. అది, దాని ఫలితాలు రెండూ ఒకే ముక్కలో ఉన్నాయనుకోండి. రెండు అక్షరాలు టైప్ చేశారు, రిక్వెస్ట్ వెళ్లింది. మూడో అక్షరం కొడుతుండగా జవాబు వచ్చి ముక్క మారింది. ఫోకస్ ఉన్న ఎలిమెంట్ పోతే ఫోకస్ బాడీకి వెళ్లిపోతుంది. మూడో అక్షరం ఎటూ కాకుండా పోయింది. ఐడీ ఉన్న పెట్టెలకు హెచ్‌టీఎంఎక్స్ ఫోకస్‌ను తిరిగి ఇస్తుంది, కానీ కొత్త పెట్టెలో ఉండేది సర్వర్‌కు తెలిసిన రెండు అక్షరాలే. తెలుగు, జపనీస్ లాంటి లిపుల్లో మీటలు కలుపుకుంటూ అక్షరం కట్టే కీబోర్డులకైతే, అక్షరం సగంలో ఉండగానే పెట్టె మారిపోవడం మరీ ఇబ్బంది. ఇక్కడ ఏ తెలివైన కోడ్ కంటే హద్దు ఎక్కడ గీశామన్నదే పెద్ద సంగతి. పెట్టెను బయట ఉంచి, ఫలితాలను మాత్రమే మార్చే ముక్కగా పెడితే ఈ సమస్యే పుట్టదు.

హద్దు అంత తేలిగ్గా గీయలేని చోట మార్ఫింగ్ వాడతారు. పాత డామ్‌నూ కొత్త హెచ్‌టీఎంఎల్‌నూ పోల్చి, తేడా ఉన్నచోట మాత్రమే మార్చి, మిగతా ఎలిమెంట్లను అలాగే ఉంచడం. మార్ఫ్‌డామ్, ఇడియోమార్ఫ్ ఈ పని చేసే లైబ్రరీలు. 2024లో వచ్చిన టర్బో 8 మార్ఫింగ్‌ను తనలోనే కలుపుకుంది. ఎలిమెంట్ అదే ఉంటుంది కాబట్టి లిజనర్లు, ఫోకస్, స్క్రోల్ చాలావరకు నిలుస్తాయి. జాబితాల్లో ఏ పాత వరుస ఏ కొత్త వరుసకు జోడీయో తేల్చడానికి ఐడీలు ఆధారం, అవి లేకపోతే జతలు తప్పుతాయి.

అయినా మార్ఫింగ్‌కు సర్వర్ మాటే వేదం. నొక్కితే తెరుచుకునే డిటైల్స్ ట్యాగ్‌ను వాడేవాళ్లు తెరిస్తే బ్రౌజర్ దానికి ఓపెన్ అనే యాట్రిబ్యూట్ చేరుస్తుంది. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌లో అది లేదు. లేదు కాబట్టి మార్ఫింగ్ దాన్ని తీసేస్తుంది, చదువుతున్న భాగం కళ్లముందే మూసుకుపోతుంది. క్యాలెండర్ లైబ్రరీ తన కోసం చేర్చుకున్న ఎలిమెంట్లకూ అదే గతి. అందుకే దాదాపు ప్రతి పనిముట్టులో దీన్ని ముట్టుకోవద్దు అని రాసే వీలుంది: టర్బోలో పర్మనెంట్, హెచ్‌టీఎంఎక్స్‌లో ప్రిజర్వ్, లైవ్‌వైర్‌లోనూ లైవ్‌వ్యూలోనూ ఇగ్నోర్. ఇవి వాడితే ఆ భాగానికి సర్వర్ నుంచి కొత్త సమాచారం రావడం కూడా ఆగిపోతుంది. ఆ లోటు ఒప్పుకునే వాడాలి.

వెనక్కి బటన్ నొక్కినప్పుడు

టర్బో ఒక పేజీ వదిలే ముందు దాని కాపీ దాచుకుంటుంది. వెనక్కి నొక్కగానే సర్వర్‌ను అడగకుండా ఆ కాపీని చూపిస్తుంది. కాపీ తీసేది క్లోన్‌నోడ్‌తో, అందులో లిజనర్లు రావు. హెచ్‌టీఎంఎక్స్ 2 కూడా హెచ్‌టీఎంఎల్‌ను అక్షరాలుగానే దాస్తుంది. ఇప్పుడు ఒక క్యాలెండర్ కథ చూడండి. సర్వర్ పంపింది ఒక ఉత్త ఇన్‌పుట్. ఇనిట్ అయ్యాక లైబ్రరీ దాని పక్కన ఒక చిన్న బొమ్మ బటన్ చేర్చింది. పేజీ వదిలాం, బటన్‌తో సహా కాపీ అయింది. వెనక్కి వచ్చాం. కనెక్ట్ మళ్లీ నడిచి ఇంకో బొమ్మ బటన్ చేర్చింది. ఇప్పుడు రెండు బటన్లు, అందులో ఒకటి పనిచేయదు. ఇనిట్ అయిందన్న గుర్తు యాట్రిబ్యూట్‌గా రాసి ఉంటే ఇంకో రకంగా దెబ్బ: గుర్తు కాపీలో వచ్చింది కాబట్టి ఇనిట్ జరగదు, ఉన్న ఒక్క బటనూ పనిచేయదు. కాపీ తీసే ముందు రెండు పనిముట్లూ ఒక ఈవెంట్ ఇస్తాయి. కాంపోనెంట్ తాను చేర్చినవన్నీ అప్పుడు విప్పేసుకుంటే, దాచుకునేది సర్వర్ పంపిన అసలు రూపమే అవుతుంది.

తెర చూడని వారికి ఏం తెలుస్తుంది

పూర్తి లోడ్‌లో స్క్రీన్ రీడర్ కొత్త పేజీ పేరు చదివి వినిపిస్తుంది. ముక్క మారితే ఏమీ చెప్పదు. జాబితా 40 నుంచి 3కు తగ్గినా వినేవాళ్లకు తెలియదు. ఆరియా-లైవ్ (aria-live) అన్న యాట్రిబ్యూట్ ఉన్న చోట మార్పు జరిగితే మాత్రం చదువుతుంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణంలోని 4.1.3 నియమం, ఇలాంటి స్థితి సందేశాలు ఫోకస్ మారకుండానే అందాలని అడుగుతుంది. ఇందులోనూ పాక్షిక అప్‌డేట్‌కు ప్రత్యేకమైన ఒక మడత ఉంది. లైవ్ ప్రాంతం ముందే పేజీలో ఉండి, దాని లోపలి మాట మారాలి. ప్రాంతమే ముక్కతో పాటు కొత్తగా వస్తే చాలాసార్లు చదవదు. కాబట్టి దాని చోటు మారే ముక్కకు బయటే. ఇక తొలగించు బటన్ నొక్కగానే వరుసతో పాటు ఆ బటన్ కూడా పోతే, కీబోర్డుతో పనిచేసేవారి ఫోకస్ పేజీ మొదటికి పోయినట్టవుతుంది. తర్వాతి వరుసకో, జాబితా శీర్షికకో దాన్ని చేర్చడం కాంపోనెంట్ పనే. ఇది తీరిక ఉంటే చేసే అదనపు పని అనుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ మనిషికి అప్పటివరకు పనిచేసిన పేజీ అక్కడితో ఆగిపోయినట్టే.

అయితే రియాక్టే నయమా

ఇన్ని చిక్కులు విన్నాక, తెర మొత్తాన్ని జావాస్క్రిప్ట్ చేతికే ఇచ్చేయాలని వాదించేవారి మాటలో బలం కనిపిస్తుంది. రియాక్ట్‌లో డామ్‌కు యజమాని ఒక్కరే. కాంపోనెంట్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, స్థితి ఎక్కడుంది అన్నవి దాని లెక్కలో ఉంటాయి. తెర మీద క్షణక్షణం మారేవి చాలా ఉన్న పేజీలకు, ఒక ఎడిటర్‌కో డిజైన్ పనిముట్టుకో, ఇది సహజంగా నప్పుతుంది. కానీ బరువైన జావాస్క్రిప్ట్ దిగాలి, సర్వర్‌లో ఒకసారి రాసిన నియమాలు బ్రౌజర్‌లో మళ్లీ రాయాల్సి వస్తుంది. పైగా రియాక్ట్ కట్టిన డామ్ మధ్యలో వేరే లైబ్రరీ చేయి పెడితే ఇదే తరహా గొడవ అక్కడా వస్తుంది. ఎఫెక్ట్‌లో (కాంపోనెంట్ వచ్చాక నడిచే కోడ్) పెట్టిన టైమర్‌ను క్లీనప్‌లో (అది పోయేటప్పుడు నడిచే కోడ్) ఆపకపోతే, పైన వేసిన 126 రిక్వెస్టుల లెక్క అక్కడా వర్తిస్తుంది.

ముక్కల పద్ధతి వైపువారు చెప్పేది, చాలా పేజీలు ఫారాలు, జాబితాలేనని, వాటికి సర్వర్ హెచ్‌టీఎంఎల్ చాలని. అది నిజమే. అయితే కాంపోనెంట్ల ఆయుష్షు గురించి ఎవరో ఒకరు ఆలోచించాల్సిన బాధ్యత అక్కడ టీమ్ మీద పడుతుంది. కస్టమ్ ఎలిమెంట్లు మధ్యేమార్గం. హెచ్‌టీఎంఎల్ ఎవరు తెచ్చినా అవి లేస్తాయి. స్థితి, డేటా సంగతి మాత్రం అవి తేల్చవు. నా మటుకు, ఫారాలు ఎక్కువున్న పేజీకి ముక్కలు, వాటిలో అక్కడక్కడా కస్టమ్ ఎలిమెంట్లు, ఈ కలయిక ఎక్కువకాలం నిలవడం చూశాను.

ఎలిమెంట్‌ను చంపకుండా జరపడం

ఈ కథలో సరికొత్త మలుపు బ్రౌజర్ లోపలే వచ్చింది. ఇంతకాలం డామ్‌లో ఒక ఎలిమెంట్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడమంటే, తీసేసి మళ్లీ పెట్టడమే. దాంతో ఐఫ్రేమ్ (పేజీ లోపల చూపే ఇంకో పేజీ) మళ్లీ లోడ్ అయ్యేది, యానిమేషన్ మొదటికొచ్చేది, ఫోకస్ పోయేది. మార్ఫింగ్ లైబ్రరీలు ఎంత జాగ్రత్తపడ్డా వరుసల క్రమం మారినచోట ఈ దెబ్బ తప్పేది కాదు. 2025లో క్రోమ్ 133తో వచ్చిన మూవ్‌బిఫోర్, ఎలిమెంట్‌ను తీయకుండా జరుపుతుంది. ఐఫ్రేమ్ నడుస్తూనే ఉంటుంది, ఫోకస్ ఉన్నచోటే ఉంటుంది.

కస్టమ్ ఎలిమెంట్లకు దీనితో కనెక్టెడ్‌మూవ్‌కాల్‌బ్యాక్ అనే కొత్త కబురు కూడా వచ్చింది. ఆ ఫంక్షన్ రాసి ఉన్న కాంపోనెంట్‌ను జరిపితే అదొక్కటే నడుస్తుంది. రాయకపోతే, పాత కోడ్ విరిగిపోకుండా బ్రౌజర్ మునుపటిలాగే డిస్‌కనెక్ట్, ఆ వెంటనే కనెక్ట్ పిలుస్తుంది. అంటే డిస్‌కనెక్ట్‌లో చార్ట్‌ను చెరిపేసి, కనెక్ట్‌లో మళ్లీ గీసే కాంపోనెంట్, బ్రౌజర్ దాన్ని ఎంత పదిలంగా జరిపినా, తనంతట తానే చచ్చి మళ్లీ పుడుతుంది. లోపల ఏమీ రాయని ఒక ఖాళీ కనెక్టెడ్‌మూవ్‌కాల్‌బ్యాక్ ఉంటే చాలు, ఆ చార్ట్ చెక్కుచెదరకుండా కొత్త చోటికి చేరుతుంది.